బానల ఇంటి చేప

మా చెన్‌లు కొండ మీద పెళ్ళి మాటలు మొదలైతే జాతకం కన్నా ముందు ఒక ప్రశ్న వస్తుంది. పిల్ల గిన్నెల ఇంటిదా, బానల ఇంటిదా, జాడీల ఇంటిదా అని.

గిన్నెల వాళ్ళు గిన్నెలే చెయ్యాలి. బానల వాళ్ళు బానలే. జాడీల వాళ్ళు జాడీలే. ఎవరి మట్టి గుంట వాళ్ళది, ఎవరి బట్టీ వాళ్ళది. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో చెప్పగలిగినవాళ్ళు లేరు. మూడు వర్గాల పెద్దలు బట్టీ దేవుడి గుడిలో కూర్చుని దాన్ని కాపాడతారు. కట్టుబాటు దాటిన ఇంటికి ఏడాది పాటు నిప్పు ఆపేస్తారు. బట్టీ చల్లబడితే ఇంట్లో పొయ్యి కూడా ఎక్కువ రోజులు వెలగదు.

కుంచె గిన్నెల వాళ్ళ సొత్తు. తెల్లటి పూత మీద వాళ్ళు చేపల్ని వేస్తారు, బాతుల్ని, కుందేళ్ళని, తోక పొడుగు పిట్టల్ని వేస్తారు. మా బానలు నల్లవి. నడుము ఎత్తు ఉంటాయి, లోపలా బయటా ఒకటే నలుపు. నీళ్ళు నిలిస్తే చాలదా, బొమ్మ తాగుతామా అనేవారు మా మామగారు. ఆయన పోయాక ఆ మాట మా అత్త జిన్‌దౌ తీసుకుంది, ఆయన బట్టీతో పాటు.

నేను బానల ఇంట్లో పుట్టి బానల ఇంటికే కోడలిగా వచ్చాను. నా మరిది ఛుహే మాత్రం గిన్నెల ఇంటి పిల్లని చేసుకున్నాడు. పేరు సుయిలియన్. గిన్నెల వాళ్ళ పెద్ద హే యూజన్ కూతురు. మగపిల్లల పక్కన కూర్చోబెట్టి ఆయన ఆ పిల్లకి కూడా కుంచె పట్టడం నేర్పాడు. ఆ వీధిలో అంత వేగంగా చేపని వేసే చెయ్యి మరొకటి లేదని చెప్పుకునేవారు.

పెళ్ళిరోజు హే యూజన్ గడప మీద నిలబడి కూతురి కుంచెని విరిచి పొయ్యిలో వేశాడు. గిన్నెల ఇంటి పిల్ల వేరే ఇంటికి వెళ్తుంటే అలాగే చేస్తారు. సుయిలియన్ ఏడవలేదు. గాడిద మీద కూర్చుని దారి పొడుగునా రెండు చేతుల్నీ ఒకదాని మీద ఒకటి మార్చి మార్చి పెట్టుకుంది. ఎక్కడ పెట్టినా కుదరనట్టు.

మా ఇంటికి వచ్చాక ఆ చేతులు ఊరుకోలేదు. పిండి చల్లిన పలక మీద వేలు పోతుంది. పొయ్యి పక్క బూడిదలో పోతుంది. ఒకసారి నూడుల్స్‌కి పిండి కలపమని చెప్పి అత్త పెరట్లోకి వెళ్ళి వచ్చేసరికి పలకంతా బాతులు.

"పిండి కలపమన్నాను, బాతుల్ని మేపమన్లేదు" అంది అత్త.

సుయిలియన్ అరచేత్తో బాతుల్ని చెరిపేసి పిండి కలిపింది. ఆ రోజు నూడుల్స్ బాగున్నాయని ఛుహే అన్నాడు. అందుకు అతనికీ రెండు మాటలు పడ్డాయి.

పెద్ద కరువు తర్వాత రెండో ఏడది. వాన మళ్ళీ పడుతోంది కానీ ఎవరూ దాన్ని నమ్మడం లేదు. వసంతంలో ఒక వరస బానలకి పూత పోశాం. పూత పోసే రోజు చాలా పని. ఎండిన పచ్చి బాన మీద గరిటెతో నల్లటి పూతని పోస్తూ చుట్టూ తిరగాలి. పోసింది పోసినట్టు బాన తాగేస్తుంది. ఒక పొడుగు ఊపిరి తీసి వదిలేలోపు మెరుపు పోయి పొడిబారుతుంది. దాని మీద ఇంక చెయ్యి పెట్టకూడదు. పెడితే అచ్చు పడుతుంది. అచ్చు మీద మళ్ళీ పూత పోస్తే అక్కడ మందమై నిప్పులో బుడగలు లేస్తుంది.

ఇది మా ఇళ్ళల్లో పాకే పిల్లలకి కూడా తెలుసు. సుయిలియన్‌కి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

గిన్నెల వాళ్ళ అలవాటు వేరు. వాళ్ళు తెల్ల పూత వేసి, కుంచె పట్టే ముందు వేలితో తాకి చూస్తారు. తడి ఎంతుందో వేలికి తెలియాలి. ఆ అచ్చు మీద తర్వాత గాజు పూత పడుతుంది, కనపడదు. ఆమె చిన్నప్పటి నుంచి ఆ తాకిడితోనే పెరిగింది. మేం బొగ్గు దించడానికి వెళ్తూ కోళ్ళు రాకుండా చూడమని ఆమెని వాకిట్లో ఉంచాం. ఛుహే ఆఖరి బానల మీద పూత పోసి గరిటె కింద పెట్టి మా వెనకే వచ్చాడు. వాన మబ్బు పట్టి ఆ ఆఖరి బానలు సరిగ్గా ఎండలేదు, వాటి పూత ఇంకా తడిగానే ఉంది. ఆమె వాటి దగ్గరికి వెళ్ళింది. ఏమీ ఆలోచించకుండా ఒక్కో దాన్నీ మూడు వేళ్ళతో తాకి చూసింది.

తర్వాత చూసుకుంది. నిగనిగలాడే నలుపులో మూడేసి మట్టిరంగు మచ్చలు. తాకిన ప్రతి బాన మీదా.

నేను బొగ్గు తట్టతో తిరిగి వచ్చేసరికి ఆమె ఆఖరి బాన దగ్గర ఉంది. మచ్చ మీద మళ్ళీ మూడు వేళ్ళు ఆనించి, ఊపిరి బిగబట్టి, బాన చుట్టూ రెండు అడుగులు నడిచింది. వేళ్ళు పూతని చీల్చుకుంటూ వెంట వచ్చాయి. చివర మణికట్టు ఒకసారి తిప్పింది. అది తోక. చిటికెన వేలితో ఒక చుక్క తీసింది. అది కన్ను. బాన మీద నా మోచేతి నుంచి అరచేతి దాకా ఉన్నంత చేప.

"అక్కా, అత్తకి చెప్పకు" అంది.

నడుము ఎత్తు బానల మీద మూరెడు చేపలు. చెప్పకుండా దాచేది ఎలాగో నాకు అర్థం కాలేదు.

అత్త వచ్చింది, చూసింది. తర్వాత ఆ బానల్ని బట్టీలో వెనక్కి, పొగ గొట్టం వైపు పెట్టమంది. రంగు సరిగ్గా రాని వాటిని పెట్టే చోటు అది. ఆ సాయంత్రం సుయిలియన్ గంజి తాగలేదు. అత్త గిన్నెని ఆమె ముందుకు ఒకసారి నెట్టి, తాగకపోతే మళ్ళీ వెనక్కి లాక్కుని తానే తాగేసింది.

బట్టీ తెరిచాక చేపలు ఎండు ఖర్జూరం రంగులో ఉన్నాయి. నలుపు వాటి చుట్టూ లోతుగా కనపడింది. అత్త వాటిని గోడ వైపు తిప్పి నిలబెట్టించింది.

ఉత్తరపు మెట్ట నుంచి కంచర గాడిదలతో వచ్చే కుయ్ అనే వర్తకుడు బానలు కొనే ముందు ప్రతిదాన్నీ తిప్పి, వేలితో కొట్టి, పగులు ఉందేమో చూస్తాడు. గోడ వైపు ఉన్నదాన్ని తిప్పాడు. వేలు ఎత్తినవాడు కొట్టడం మరిచిపోయాడు. ఎవరు చేశారని అడిగాడు. ఎవరూ చెయ్యలేదు, కోళ్ళు తొక్కాయని అత్త అంది. మీ కోళ్ళకి చదువొచ్చినట్టుందని అతను అన్నాడు. వాళ్ళ ఊళ్ళల్లో కరువు ఏళ్ళలో బానలు బోర్లించి ఉన్నాయట. ఇప్పుడు నీళ్ళు వచ్చినా జనానికి వాటిని తిప్పి పెట్టాలంటే భయమట. చేప ఉన్న బానని ఎవరూ బోర్లించరు, దాన్ని చూస్తే నీళ్ళు పొయ్యాలనిపిస్తుందని చెప్పి, చేప ఉన్నవే ఏరుకుని తీసుకెళ్ళాడు. వేసవి రాకముందే తిరిగి వచ్చి ఇంకా ఉన్నాయా అని అడిగాడు.

అత్త సరే అని ఎప్పుడూ అనలేదు. ఆ తర్వాత పూత పోసే రోజున ఛుహేతో మాత్రం అంది, ఆ చివరి వరస పోసేటప్పుడు నీ పెళ్ళాన్ని దగ్గరుంచుకో, ఆరిపోయాక పిలిస్తే లాభం లేదు అని.

అలా ఏడాది గడిచింది. చేపల తర్వాత బాతు వచ్చింది, మెడ వెనక్కి తిప్పి చూసే జింక వచ్చింది. సుయిలియన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలా అని వెతుక్కోవడం మానేసింది. పని లేనప్పుడు ఒళ్ళో ఊరికే ఉండేవి. నేను ఆ మార్పుని చూశాను. అత్త కూడా చూసే ఉంటుంది.

గిన్నెల వీధి వాళ్ళు మా బానల మీది బొమ్మల్ని చూశారు. చేప మా సొత్తు, కుంచె పట్టడం మేం నేర్పిన చెయ్యి అది, బానల వాళ్ళు కట్టుబాటు దాటారు అని ఫిర్యాదు గుడికి వెళ్ళింది. బట్టీ దేవుడి పండగ మర్నాడు పెద్దలు కూర్చున్నారు. గిన్నెల వాళ్ళ తరఫున మాట్లాడవలసినవాడు హే యూజన్. పెళ్ళయ్యాక ఆయన మా ఇంటి వైపు రాలేదు. ఆ రోజు కూడా కూతురి వైపు చూడలేదు.

ఆయన నెమ్మదిగా, తప్పులు లేకుండా మాట్లాడాడు. కట్టుబాటు ఎందుకు పెట్టారో చెప్పాడు. అందరూ అన్నీ చేస్తే ఒక్క కరువులో ఊరంతా ఒకరి గొంతు ఒకరు పిసుక్కుంటారు, ఎవరి పని వాళ్ళకుంటే ఎవరి గంజి వాళ్ళకుంటుంది అన్నాడు. అది నిజమే. మొన్నటి కరువులో అది నిజమని అందరం చూశాం. బానల ఇంటి నిప్పు ఏడాది ఆపాలి, కోడలు పూత దగ్గరికి ఇక వెళ్ళకూడదు అని ముగించాడు.

నా పక్కన సుయిలియన్ రెండు చేతుల్నీ కోటు చేతుల్లోకి ముడుచుకుంది. ఛుహే తల వంచుకుని నేల చూస్తున్నాడు. అప్పుడు అత్త లేచింది.

"అన్నయ్యగారూ, మీరు పెళ్ళిరోజు మీ గడప మీద ఏం విరిచారు?" అంది.

"కుంచె" అన్నాడాయన.

"అది ఇక్కడికి రాకూడదనే కదా విరిచారు. రాలేదు. మా ఇంట్లో వెతుక్కోండి, గోడ తుడిచే చీపురు తప్ప వెంట్రుకలున్న సామాను దొరకదు. కుంచె ఇంట్లో పెట్టి రమ్మన్నారు, పిల్ల పెట్టి వచ్చింది. వేళ్ళు కూడా పెట్టి రమ్మని మీరూ అనలేదు, మేమూ అడగలేదు."

జాడీల వాళ్ళ ముసలి పెద్ద దగ్గినట్టు చేశాడు. అది నవ్వని అందరికీ తెలుసు.

హే యూజన్ నవ్వలేదు. ఆలోచిస్తుంటే ఆయన కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదలడం నేను చూశాను. తర్వాత ఇలా అన్నాడు.

"చెల్లెమ్మా, నువ్వన్నది కాదనను. కానీ ఆ వేళ్ళకి దారి చూపింది మా ఇల్లు. అది బానల పనే అంటారా, బానల ఇంట్లో పుట్టిన చెయ్యి ఒక్కటి ఆ పని చేసి చూపించాలి. ఈసారి మీ బట్టీ తెరిచినప్పుడు మేం వస్తాం. చూపిస్తే అది మీ పని, ఎవరూ అడగరు. చూపించలేకపోతే అది మా పని, నిప్పు ఆగుతుంది."

పెద్దలు అదే ఖాయం చేశారు.

మా ఆయన కరువులో పోయాక, ఇంట్లో బానల ఇంట పుట్టినవాళ్ళం ముగ్గురమే మిగిలాం. అత్త, ఛుహే, నేను. సుయిలియన్ వాకిలి గోడకి చిక్కటి మట్టినీళ్ళు పూసి దాని మీద మాకు నేర్పింది. మూడు వేళ్ళు ఆనించు, ఊపిరి ఆపు, నడు. చేతిని కాదు, ఒంటిని తీసుకెళ్ళు. ఆమె నడిస్తే గోడ మీద చేప ఈదింది. ఛుహే నడిస్తే పాత చెప్పు వచ్చింది. రోజంతా నడిచాడు, చెప్పుల దుకాణం అయింది. నాది చీపురని అత్త అంది. నేను ఒప్పుకున్నాను.

అత్త గోడ దగ్గరికే రాలేదు. అరవై దాటిన చేతికి ఇప్పుడు ఈతలు నేర్పుతారా అంది.

పూత పోసే రోజు దగ్గరికొచ్చింది. సుయిలియన్ ముఖం పీక్కుపోయింది. ఒకరోజు మధ్యాహ్నం నేను గోడ మీద మళ్ళీ చీపురు గీసి, విసుగొచ్చి, నేను బతికున్న చేపని ఒక్కసారి కూడా చూడలేదు తెలుసా అన్నాను. మా కొండ మీద వాగు లేదు. చేపని నేను చూసింది గిన్నెల మీదే, అదీ మీ నాన్న వేసిందే అన్నాను.

సుయిలియన్ చేతులు తుడుచుకోవడం ఆపింది. కాసేపు గోడని చూసింది. తర్వాత లోపలికి వెళ్ళింది. అత్త అక్కడ పులుల్ని చేస్తోంది. పక్కింట్లో బిడ్డకి నెల నిండబోతోంది. నెల నిండిన బిడ్డకి గోధుమపిండితో పులిని చేసి ఆవిరి మీద ఉడికించి ఇవ్వాలి. మా వీధిలో పులులన్నీ అత్తే చేస్తుంది. బొటనవేలితో రెండు నొక్కులు నొక్కితే కళ్ళ గుంటలు. చిటికెతో లాగితే చెవులు. కొప్పులోంచి చెక్క దువ్వెన తీసి పిండి మీద ఒకసారి లాగితే చారలు. మాట్లాడుతూనే చేస్తుంది. చేతి వైపు చూడదు.

సుయిలియన్ గుమ్మంలో నిలబడి చూసింది.

"అత్తా, చేప వద్దు. ఇది చెయ్యండి" అంది.

"దేని మీద?"

"బాన మీద."

"పిండి వేరు, పూత వేరు."

"మెత్తగా ఉన్నంతసేపూ రెండూ ఒకటే."

అత్త పులికి ముక్కు పెట్టి పక్కన పెట్టింది. నాకు పని చెప్పడానికి నువ్వెవరివే అని అంది. కానీ గోడ దగ్గరికి మాత్రం వెళ్ళలేదు, నేర్చుకోవడానికి ఒప్పుకోలేదు.

పూత పోసే రోజు ఛుహే గరిటె పట్టాడు. నేను బానల్ని వరసలో పెట్టాను. ఛుహే ఒక బాన మీద చేప ప్రయత్నించాడు. పక్కన ఇంకో దాని మీద నేను. రెండూ చూసి ముగ్గురం తల తిప్పుకున్నాం. అవి బొమ్మలని దేవుడు కూడా ఒప్పుకోడు. వరసలో ఆఖరిది మిగిలింది. ఛుహే పూత పోస్తూ చుట్టూ తిరిగాడు. నలుపు దిగుతోంది, మెరుస్తోంది. సుయిలియన్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఆ బానని ఆమె ముట్టుకుంటే అంతా పోతుంది.

అత్త గుమ్మం మీంచి లేచి వచ్చింది. నన్ను పక్కకి నెట్టింది. పూత మీద బొటనవేళ్ళు రెండూ నొక్కింది. కళ్ళు. చిటికెన వేలితో కింద ఒక వంక తీసింది. నోరు. చెవులకి చోటు చాలలేదు, ఒకటే పెట్టింది. కొప్పులోంచి దువ్వెన లాగి బాన కడుపు మీద అడ్డంగా ఈడ్చింది. చారలు. మెరుపు ఆరిపోతుండగా తోక గుర్తొచ్చి, మోచేత్తో ఒక్కటి లాగింది. జుట్టు భుజం మీద పడింది. దువ్వెన నల్లగా అయింది. లోపలికి వెళ్ళిపోయింది.

మేం దాన్ని బట్టీలో పెట్టాం. వెనక పెట్టలేదు. మంట బాగా తిరిగే చోట, నడుమ పెట్టాం. నిప్పు ముట్టించాక సుయిలియన్ బట్టీ ముందు నుంచి కదల్లేదు. రెండు చేతులూ జోడించి నిలబడింది. ఆమె దేవుడికి దణ్ణం పెట్టడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదని ఛుహే చెప్పాడు.

తెరిచే రోజున పెద్దలు కొండెక్కి వచ్చారు. గిన్నెల వీధి వాళ్ళు చాలామంది వచ్చారు. బట్టీ ఇంకా వేడిగా ఉంది. ఛుహే తడి గోనెలు చేతులకి చుట్టుకుని లోపలికి వెళ్ళి ఆ బానని దొర్లించుకుంటూ బయటికి తెచ్చి ఎండలో నిలబెట్టాడు.

జనం మెడలు చాచి చూశారు.

కళ్ళు రెండూ రెండు దిక్కులు చూస్తున్నాయి. ఒక్క చెవి. మూతి ఎవరితోనో దెబ్బలాడి అప్పుడే తిరిగొచ్చినట్టుంది. దువ్వెన చారలు మాత్రం నలుపులోంచి సన్నగా, తిన్నగా, ఒకదాని పక్కన ఒకటి వెలుగుతున్నాయి. మోచేతి తోక బాన వెనక్కి వెళ్ళి ఎక్కడ ఆగిందో వెతుక్కోవలసి వచ్చింది. జనంలో ఒక చంటిబిడ్డ దాన్ని చూసి చెయ్యి చాపింది.

హే యూజన్ ముందుకి వచ్చాడు. బాన చుట్టూ నడిచాడు. తోక దాకా వెళ్ళి మళ్ళీ ముఖం దగ్గరికి వచ్చాడు. వంగి చారల మీద వేలు పెట్టాడు, చాలాసేపు ఉంచాడు. ఎవరు చేశారని అడిగాడు. నేనే అంది అత్త. ఇదేమిటని అడిగాడు. పులి అంది అత్త.

ఆయన నడుము నిటారు చేసుకుని తన వీధి వాళ్ళ వైపు తిరిగాడు.

"మా గిన్నెల ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ ఇలాంటి పులిని ఎవరూ వెయ్యలేదు" అన్నాడు.

"వెయ్యలేరు కూడా" అంది అత్త.

జాడీల వాళ్ళ ముసలి పెద్ద ఈసారి దగ్గలేదు, బాహాటంగానే నవ్వాడు. తర్వాత గిన్నెల వీధి వాళ్ళలో ఒకరు నవ్వారు, తర్వాత ఇంకొకరు. అయితే ఇది మాది కాదు, వాళ్ళదే అని హే యూజన్ పెద్దలతో చెప్పాడు. ముఖం ఎంత గంభీరంగా పెట్టుకున్నాడంటే, ఆయన తీర్పు చెప్పాడో కూతురికి సాయం చేశాడో ఈ రోజుకీ నాకు తెలీదు. పెద్దలు అవునన్నారు. ఆ తర్వాత మా బానల మీద వేళ్ళ బొమ్మల్ని, దువ్వెన గీతల్ని ఎవరూ అడగలేదు.

జనం కొండ దిగుతుంటే ఆయన వెనక ఉండిపోయాడు. సుయిలియన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఏం మాట్లాడాలో తెలియని మనిషి పని గురించి మాట్లాడతాడు. మీ పూత ఎంతసేపు తడిగా ఉంటుంది అని అడిగాడు.

"ఒక ఊపిరి" అంది సుయిలియన్.

"చాలదే" అన్నాడు.

"చాలుతోంది నాన్నా."

ఆయన తల ఊపాడు. అత్త లోపలి నుంచి, మంచి నీళ్ళు తాగి వెళ్ళండి అన్నయ్యగారూ అని కేకేసింది. ఆయన లోపలికి వచ్చాడు.